తుప్పు పట్టిన పాత మారుతి 800కు రేకు పని, రంగు: విశాఖ ఆటోనగర్‌లోని ఒక షెడ్డు పనితీరు

మా నాన్నగారు 1999లో కొన్న తెల్లని మారుతి 800 పెదవాల్తేరులోని మా ఇంటి ముందు ఇన్నేళ్లూ ఆరుబయటే ఉంది. సముద్రపు ఉప్పుగాలికి గేటు కీళ్లే నాలుగేళ్లు నిలవని ఆ వీధిలో, ఒక మిల్లీమీటరు మందం కూడా లేని కారు రేకు ఇంతకాలం ఆగడమే గొప్ప. మూడేళ్ల క్రితం వేరొక షెడ్డువారు తుప్పును పైపైన గీకి, పుట్టీ నింపి, రంగు కొట్టి ఇచ్చారు. ఆ ఏడాది వానాకాలం గడిచేసరికి వెనుక చక్రాల పైభాగమంతా రంగు బొబ్బలెక్కింది. పాలియెస్టర్ పుట్టీ తేమను పీల్చుకుంటుంది కాబట్టి, దాని వెనుక రేకుకు చిల్లు ఉంటే లోపలి నుంచి నీరు చేరి రంగును పైకి నెడుతుందని అప్పుడు తెలిసింది.

అందువల్ల ఈసారి షెడ్డును ఎంచుకునేటప్పుడు రంగు మెరుపును కాక, రంగుకు ముందు జరిగే పనిని చూశాను. ఆటోనగర్‌లోని ఈ షెడ్డు టింకర్ (రేకు పని) మేస్త్రీ బయట నుంచి చూసి ధర చెప్పడానికి ఒప్పుకోలేదు. సీట్లు, మ్యాట్లు తీయించి, పాత పుట్టీ మీద అయస్కాంతం ఆనించి, పుట్టీ మందంగా ఉండి అది పట్టని ప్రతిచోటా సుద్దతో గీత గీశారు. డ్రైవరు కాళ్ల కింది ఫ్లోరు, బ్యాటరీ ట్రే, రెండు వైపులా రన్నింగ్ బోర్డులు (డోర్ల కింది పొడవాటి రేకు భాగాలు), స్టెప్నీ కింది భాగం తినిపోయి ఉన్నాయని చూపించిన తరువాతే టింకరింగ్‌కు 17,000, పెయింటింగ్‌కు 26,000, బీడింగులు (అద్దాల చుట్టూ ఉండే రబ్బరు పట్టీలు) మొదలైన సామానుకు 5,000, మొత్తం 48,000 రూపాయలని కాగితం మీద రాసి ఇచ్చారు. చివరికి తీసుకున్నదీ అంతే. బండి అమ్మితే ఆ సొమ్ము రాదని నాకు తెలుసు, అయినా నాన్నగారి చేతి బండిని తుక్కుకు వేయడానికి మనసొప్పలేదు.

రేకు పనిలో వీరిని మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. తుప్పు మీద కొత్త రేకు అతికించకుండా, గట్టి రేకు తగిలేవరకు కోసి తీసివేసి, అదే కొలతకు వంచిన ముక్కను అంచుకు అంచు కలిపి సీఓటూ వెల్డింగ్ (కార్బన్ డయాక్సైడ్ వాయువు రక్షణలో కరెంటుతో అతికించే పద్ధతి) చేశారు. గ్యాస్ మంటతో చేసే వెల్డింగ్ వేడికి ఇంత పలుచని రేకు మెలితిరిగిపోతుంది, ఆ వంకరను మళ్లీ పుట్టీతోనే కప్పవలసి వస్తుంది. వెల్డింగ్ చేసిన చోట వెనుక వైపు పాత పూత మాడిపోయి, కొత్త తుప్పు అక్కడి నుంచే మొదలవుతుంది కనుక, రన్నింగ్ బోర్డుల లోపలికి గొట్టం పెట్టి మైనపు పూత కొట్టించారు. కంటికి కనిపించని ఈ పనిని నేను అడగకుండానే చేసి, ప్రతి దశకూ ఫోటో పంపారు.

రంగు విషయంలోనూ వరుస తప్పలేదు. శుభ్రం చేసిన రేకు మీద ముందుగా తుప్పును ఆపే ఎపాక్సీ ప్రైమర్, దానిపై అవసరమైన చోట మాత్రమే పలుచగా పుట్టీ, ఆ తరువాత ఉపరితలాన్ని సమం చేసే సర్ఫేసర్, చివరన హార్డెనర్ (గట్టిపరిచే ద్రవం) కలిపే పీయూ (పాలీయురేథేన్) రంగు వేశారు. వాటర్ పేపరుతో రుద్దిన తడి పూర్తిగా ఆరేదాకా తరువాతి పూతకు వెళ్లలేదు. విశాఖ గాలిలోని తేమను దృష్టిలో పెట్టుకుని బండిని సంక్రాంతి దాటాక తెమ్మన్నది కూడా వారే. వేరే రంగు వేయిస్తే ఆర్.సి.లో మార్పించుకోవాలి కాబట్టి తెలుపే ఉంచాము. పెట్రోలు మూత లోపల ఎండ తగలని చోటు చూసి షేడు కలపడం వల్ల బండి అంతా ఒకే తెలుపులో ఉంది.

లోపాలూ ఉన్నాయి. మూడు వారాలన్న పని అయిదు వారాలు పట్టింది, ఆలస్యం గురించి నేను ఫోన్ చేస్తే తప్ప చెప్పలేదు. ఓవెన్ బూత్ (దుమ్ము రాకుండా మూసి, వేడితో రంగు ఆరబెట్టే గది) లేకపోవడంతో బానెట్ మీద దుమ్ము రేణువులు చిక్కాయి, అవి పాలిషింగ్‌లో పోయాయి. వెనుక అద్దాల బీడింగ్ విప్పకుండా టేపు అంటించి రంగు కొట్టినందున దగ్గర నుంచి చూస్తే అంచు గీత కనిపిస్తుంది. బీడింగుల డబ్బు ముందే తీసుకున్నారు కాబట్టి ఇది సరికాదు. అన్నిటికన్నా పెద్ద పొరపాటు ఎడమ డోరు అడుగున నీరు కారిపోయే రంధ్రాలను సీలర్‌తో (రేకు అతుకులను మూసే జిగురు పూతతో) మూసివేయడం. మొదటి వానకే డోరు తెరిచినప్పుడల్లా లోపల నీళ్ల చప్పుడు వినిపించింది. తీసుకువెళ్లిన రోజే రంధ్రాలు తెరిచి, లోపల ఆరబెట్టి, మళ్లీ పూత వేసి ఇచ్చారు, పైసా అడగలేదు. అయితే నేను గమనించి ఉండకపోతే ఆ డోరు ఏడాదిలో మళ్లీ తుప్పు పట్టేది. బండి తీసుకునేటప్పుడు నాలుగు డోర్ల అడుగునా చీపురుపుల్ల దూర్చి చూసుకోండి.

ఇప్పటికి రెండు వానాకాలాలు గడిచాయి. వెనుక చక్రాల పైన ఒక్క బొబ్బ లేదు, ఫ్లోరు మ్యాటు కింద పొడిగా ఉంది. రన్నింగ్ బోర్డుల లోపలి మైనపు పూతను మళ్లీ కొట్టించడానికి వచ్చే వేసవిలో బండిని అదే షెడ్డుకు తీసుకువెళ్తున్నాను.