పెళ్ళి బట్టలకి వెళ్ళేవాళ్ళు జాగ్రత్త: మా పిన్ని ముట్టుకున్న చీరలు పక్కన పెట్టేశారు

పెళ్ళి బట్టలకని విజయవాడ వెళ్ళబోయేవాళ్ళ కోసం రాస్తున్నాను. ఇంట్లో ఎవరికైనా బొల్లి మచ్చలో, కాలిన మచ్చలో, మరేదైనా పైకి కనబడే తేడానో ఉంటే ఇది తప్పకుండా చదవండి. చీర మోసం గురించి కాదు. బిల్లు సరిగ్గానే వేశారు, తూకాల గొడవా లేదు. చెవిన పడ్డ ఒక మాట గురించి, ఆ మాట మీద ఫిర్యాదు చేయాలా వద్దా అని మా ఇంట్లో నాలుగు రోజులు నలిగిన సంగతి గురించి.

మా పిన్నికి ఇప్పుడు యాభై రెండేళ్ళు. ఇరవై నాలుగో ఏట వేళ్ళ చివర్లలో మొదలైన తెలుపు ఇప్పుడు మణికట్టు దాకా వచ్చింది, పెదవుల చుట్టూ కూడా ఉంది. వాళ్ళమ్మాయి పెళ్ళి శ్రావణంలో. నలుగురం పొద్దున్నే బయల్దేరి బెసెంట్ రోడ్డు వైపు ఒక పెద్ద షాపుకి వెళ్ళాం. పేరు రాయను. ఎందుకు రాయనో కింద చెబుతాను.

కింది అంతస్తులో పెట్టుబడి చీరలు పద్నాలుగు తీసుకున్నాం, ఒక్కోటి 850. అక్కడ ఏ ఇబ్బందీ లేదు. బిల్లు కట్టి పైకి పట్టు సెక్షన్‌కి వెళ్ళాం. తెల్లటి పరుపుల మీద కూర్చోబెట్టారు, మంచినీళ్ళిచ్చారు. ఇద్దరమ్మాయిలు చూపిస్తున్నారు. ఒకామె చీరలు విప్పి పరుస్తోంది, రెండో ఆమె మడతలు పెట్టి వెనక అరల్లో సర్దుతోంది. ఇరవై, ఇరవై రెండేళ్ళుంటాయేమో.

పిన్నికి పట్టు చూడ్డం వచ్చు. కంటితో చూసి ఊరుకోదు. కొంగు రెండు వేళ్ళ మధ్య పట్టుకుని రుద్ది చూస్తుంది, అంచు తిరగేసి జరీ వెనక్కి ఎలా వచ్చిందో చూస్తుంది. అలా ఏడు చీరలు చూసింది. ఆకుపచ్చ కంచిపట్టు ఒకటి ఒళ్ళో వేసుకుని బుటా మీద వేలు పెట్టి చూస్తున్నప్పుడు, పరిచే అమ్మాయి సర్దే అమ్మాయితో గబగబా ఏదో అంది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఇద్దరికీ తెలిసిన వేరే భాషేదో అనుకున్నాను.

పిన్నికి అర్థమైంది. అది క భాష. చిన్నప్పుడు పెద్దవాళ్ళకి తెలియకుండా పిల్లలు మాట్లాడుకునేది, ప్రతి అక్షరానికీ ముందు "క" చేర్చి. ఆ అమ్మాయి అన్నది ఇదీ: "కఆ కచీకరకలు కపకక్కకన కపెకట్టు." ఆ చీరలు పక్కన పెట్టు. దాని వెనకే ఇంకో మాట, ఈసారి మామూలు తెలుగులోనే, గొంతు తగ్గించి: "ఉత్త చేతుల్తో మడత పెట్టకు, అంటుకుంటుంది." ఆ రెండోది నేనూ విన్నాను.

పిన్ని చేతిలో చీర అలాగే ఉంది. తలెత్తి ఆ అమ్మాయి వైపు చూసి, గొంతు పెంచకుండా, అదే భాషలో జవాబు చెప్పింది. "కఇకది కఅంకటకదకమ్మా." ఇది అంటదమ్మా.

ఆ పిల్ల మొహం పాలిపోయింది. సర్దే అమ్మాయి చీరతో సహా అలా నిలబడిపోయింది. పిన్ని ఆకుపచ్చ చీర తనే మడత పెట్టి పరుపు మీద ఉంచి లేచింది. "పదండే, ఎండెక్కుతోంది" అంది. అంతే.

లేస్తూ నేను వెనక్కి చూశాను. అప్పటిదాకా పిన్ని ముట్టుకున్న చీరలు ఒక్కటీ అరలోకి వెళ్ళలేదు. కౌంటర్ వెనక ఒకే ఒక్క ప్లాస్టిక్ స్టూలుంది, దాని మీద దొంతరగా పెట్టి ఉన్నాయి. మేం చూసి వద్దన్నవి, పిన్ని తాకనివి మాత్రం అరల్లో ఉన్నాయి. పక్కన పెట్టమని ఆ అమ్మాయి పైకి అనకముందే ఆ పని జరుగుతోందన్నమాట. అది చూశాకే నాకు నిజంగా ఒళ్ళు మండింది.

ఫ్లోర్ మేనేజర్ని అడిగాను, ఆ చీరలు అక్కడెందుకున్నాయని. ఆయన కంగారు పడలేదు. "ఇస్త్రీకి పంపిస్తామండీ. తర్వాత వచ్చే కస్టమర్లు ఇబ్బంది పడతారు కదా, మీరే అర్థం చేసుకోవాలి" అన్నాడు. చాలా మర్యాదగా అన్నాడు.

ఇంటికొచ్చాక అసలు గొడవ మొదలైంది. మా బాబాయి మాట: "మనతో అనలేదుగా. వాళ్ళలో వాళ్ళు ఏదో అనుకున్నారు, మనం విన్నాం. విన్నదానికి ఫిర్యాదేంటి?" మా అమ్మ మాట వేరు, వెంటనే ఆ షాపు పేరు పెట్టి అందరికీ చెప్పేయమంది. పిన్ని మాత్రం, "పది గంటలు నిలబడే పిల్ల అది. దాని పొట్ట కొట్టడమెందుకు?" అని పడుకుంది.

బాబాయి అన్నదాంట్లో సగం నిజం. షాపుల్లో పనిచేసేవాళ్ళు వెనకాల మాట్లాడుకుంటారు. "ఇది కొనే బేరం కాదు", "వీళ్ళు వంద చీరలు తీయించి ఒకటి కొంటారు" లాంటివి మనందరి చెవినా పడ్డాయి. రోజంతా నిలబడి, చీరలు తీసి తీసి భుజాలు పడిపోయినవాళ్ళు అనుకునే మాటలవి. వాటి మీద ఫిర్యాదు చేసేంత చిన్నబుద్ధి మనకొద్దు. కేరళ 2018లో, తమిళనాడు 2021లో షాపు పనివాళ్ళకి కూర్చునే వీలు ఉండాలని చట్టంలో రాసుకున్నాయి. చట్టం చేసి చెప్తే తప్ప కుర్చీ ఇవ్వని చోట పనిచేసేవాళ్ళ మాట కాస్త పదునుగానే ఉంటుంది. ఆ కౌంటర్ వెనకున్న ఒక్క స్టూలు మీదా చీరలే ఉన్నాయి, గుర్తుందా.

కానీ ఇది ఆ రకం మాట కాదు. మాట వెనక పని ఉంది. మనిషి తాకిన వస్తువుని వేరు చేయడం ఉంది. మన ఊళ్ళలో ఆ పనికి ఎంత చరిత్ర ఉందో నేను చెప్పక్కర్లేదు. పిన్నికిది కొత్త కాదు. శ్రావణ శుక్రవారం వాయనం ఇస్తే రెండు చేతుల్తో అందుకుని, గుమ్మం దాటాక శనగలు పారబోసినవాళ్ళున్నారు. ఆవిడ కిటికీలోంచి చూసింది. పరాయి పిల్ల నోట విన్న మాటకంటే అదే ఎక్కువ కదా అని బాబాయి అన్నాడు. ఎక్కువే. దానికీ దీనికీ ఒక తేడా ఉంది. వాయనం పారబోసిన ఇరుగింటావిడ మీద చెప్పుకునే చోటు మనకి లేదు. షాపుకి యజమాని ఉన్నాడు, పద్ధతి ఉంది, పద్ధతి మార్చమని అడగొచ్చు.

బొల్లి అంటదు. ముట్టుకుంటే రాదు, ఒకే కంచంలో తిన్నా రాదు, ఒకరు కట్టిన చీర ఇంకొకరు కట్టినా రాదు. చర్మానికి రంగునిచ్చే కణాల మీద ఒంట్లోని రక్షణ వ్యవస్థే దాడి చేయడం వల్ల ఆ చోట రంగు పోతుంది. సూక్ష్మజీవి అనేదే లేదు అందులో, ఇక అంటుకునేదేముంది? తెల్లకుష్ఠు అని మనవాళ్ళు పెట్టిన పేరు సగం నష్టం చేసింది. కుష్ఠు వేరు, అది బాక్టీరియా వల్ల వస్తుంది, మందులతో నయమవుతుంది కూడా. మైకేల్ జాక్సన్‌కి ఉన్నది బొల్లే, 1993లో టీవీ ఇంటర్వ్యూలో తన నోటితోనే చెప్పాడు, చర్మం రంగు పోయే జబ్బు ఉందని. ఆయన చనిపోయిన జూన్ 25నే ఏటా ప్రపంచ బొల్లి దినంగా జరుపుతున్నారు.

చట్టం సంగతి కూడా కనుక్కున్నాను, ఎందుకంటే "కేసు పెట్టు" అన్నవాళ్ళు ముగ్గురు. కులం పేరుతో ఎస్సీ, ఎస్టీలని నలుగురిలో అవమానిస్తే 1989 అత్యాచారాల నిరోధక చట్టం ఉంది, అది షాపయినా సరే. వికలాంగుల్ని నలుగురిలో కించపరచాలని అవమానిస్తే 2016 వికలాంగుల హక్కుల చట్టం 92వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి ఐదేళ్ళ దాకా జైలు. ఆ చట్టం 21 రకాల వైకల్యాల్ని గుర్తించింది, కుష్ఠు నయమైనవాళ్ళూ యాసిడ్ దాడి బాధితులూ అందులో ఉన్నారు. బొల్లి లేదు. వినియోగదారుల కమిషన్‌కి వెళ్దామంటే 2019 చట్టం ప్రధానంగా సరుకులో లోపం, సేవలో లోపం, మోసపు వ్యాపారం గురించి. చాటుగా అన్న ఒక మాటని అందులో ఇరికించడం కష్టం. అయినా 1915 నంబరు గుర్తుపెట్టుకోండి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. మీకు చీర చూపించనన్నా, ముట్టుకోవద్దన్నా ముందు అక్కడ చెప్పి నమోదు చేయించండి. కమిషన్‌కి వెళ్ళాలంటే గడువు రెండేళ్ళు, ఐదు లక్షల లోపు కొనుగోలుకి ఫీజు లేదు.

మాకు మిగిలిన దారి యజమానికి చెప్పడం. పిన్ని ఒప్పుకుంటేనే చెబుతానన్నాను. అవమానం జరిగింది ఆవిడకి, నా కోపం తీర్చుకోవడానికి ఆవిడ పేరు వాడుకోకూడదు. ఈ ఒక్క విషయంలో మా అమ్మతో గట్టిగానే వాదించాను. నాలుగో రోజు పొద్దున కాఫీ కలుపుతూ పిన్నే అంది: "నాకోసమైతే వద్దే. నాకు అలవాటైపోయింది. రేపు పెళ్ళికాని పిల్ల ఎవరైనా ఇలాంటి చేతుల్తో అక్కడ కూర్చుంటే? రాయి."

తెలుగులోనే ఒక పేజీ ఉత్తరం రాశాను. తేదీ, వేళ, అంతస్తు, కింద కొన్న చీరల బిల్లు నంబరు. అమ్మాయిల ఆనవాళ్ళు ఒక్కటీ రాయలేదు, ఏ కౌంటరో కూడా. మేనేజర్ అన్న మాట మాత్రం అన్నది అన్నట్టు రాశాను, ఎందుకంటే ఆయన అన్నది షాపు పద్ధతి. ఆ పిల్ల సొంతంగా పుట్టించిన భయం కాదది, పైనుంచి నేర్చుకున్నది. అడిగినవి మూడు. బొల్లి అంటదని సిబ్బంది అందరికీ డాక్టర్ చేత చెప్పించండి. కస్టమర్ తాకిన చీరని వేరుగా పెట్టడం మానండి. ఈ ఉత్తరం వల్ల ఎవరి ఉద్యోగమూ తీయకండి, జీతం కోయకండి.

మర్నాడే యజమాని ఫోన్ చేశాడు. "అమ్మా, ఆ పిల్లెవరో ఒక్క మాట చెప్పండి, సాయంత్రానికి ఇంటికి పంపించేస్తాను" అన్నాడు. మొదటి మాటే అది. ఉత్తరం చదివారా అని అడిగాను. చదివానన్నాడు. తర్వాత, పిన్నిగారిని తీసుకురండి, పట్టుచీరల మీద తగ్గించి ఇస్తానన్నాడు. తగ్గింపు మాకొద్దండీ, మూడింట్లో మొదటి రెండూ ఎప్పుడు చేస్తారో చెప్పండి అన్నాను. "చూద్దాం లెండి" అన్నాడు. పదకొండు రోజులైంది.

షాపు పేరు ఎందుకు రాయలేదో ఇప్పుడు అర్థమై ఉంటుంది. పేరు బయటపడిన సాయంత్రమే ఆ అమ్మాయిని పంపించేస్తారు, స్టూలు మీద చీరలు మాత్రం అలాగే ఉంటాయి.

కాబట్టి మీరు వెళ్ళినప్పుడు చూడాల్సింది మాటలకంటే ముందు చేతులు. మీవాళ్ళు తాకిన చీర ఎక్కడికి వెళ్తోందో చూడండి. వేరేగా పెడుతుంటే అక్కడికక్కడే, మామూలు గొంతుతో, ఎందుకని అడగండి. ఎదురుగా ఉన్న అమ్మాయిని కాదు, మేనేజర్ని. ఫోన్ తీసి వీడియో పట్టకండి. ఆ వీడియోలో మీ పిన్ని మొహమూ ఉంటుంది, పదివేల మంది చూస్తారు, ఆవిడ అడగలేదు కదా. బిల్లు దాచుకోండి, విన్న మాట బయటికి రాగానే కాగితం మీద రాసుకోండి, రెండు రోజుల తర్వాత మాటలు మారిపోతాయి మనకే తెలియకుండా. ఒక్కళ్ళే విన్నారా, ఇద్దరు విన్నారా అదీ రాయండి. అన్నిటికంటే ముందు, ఆ మాట ఎవరి గురించో వాళ్ళని అడగండి. వాళ్ళు వద్దంటే వద్దు.

పెళ్ళికూతురి చీర ఇంకా కొనలేదు. మధుపర్కాలు మాత్రం మంగళగిరిలో తీసుకున్నాం. ఉత్తరం నకలూ బిల్లూ ఒకే కవర్లో పెట్టి బీరువాలో ఉంచాను. సోమవారం ఆయనకి మళ్ళీ ఫోన్ చేస్తాను, ఈసారి పిన్ని తనే మాట్లాడతానంది.