స్టీరింగ్ హబ్ ఊడదీసే చౌక పుల్లర్ కిట్లతో జాగ్రత్త

అమెరికాలో 1960ల నాటి షెవర్లే, పాంటియాక్ లాంటి జనరల్ మోటార్స్ కార్లు కొని ఇంట్లోనే బాగుచేసుకుంటున్న మనవాళ్ళకి ఒక మాట. ఆన్‌లైన్‌లో ఇరవై డాలర్ల లోపు దొరికే ‘అన్ని కార్లకీ సరిపోయే’ స్టీరింగ్ పుల్లర్ (వీలుని లాగి ఊడదీసే పనిముట్టు) కిట్ల జోలికి పోకండి. ఇప్పటికే కొనేసి ఉంటే, అందులోని బోల్టుల్ని కొలవకుండా హబ్‌లోకి, అంటే వీలు నడిమి భాగంలోకి, ఎక్కించకండి.

మాది 1968 షెవర్లే నోవా. పగుళ్ళు పట్టిన స్టీరింగ్ వీలు మార్చాల్సి వచ్చింది. నట్టు తేలిగ్గానే వచ్చింది గానీ, హబ్ మాత్రం షాఫ్టు (వీలుతో పాటు తిరిగే ఇనుప కడ్డీ) గాడుల్లో తుప్పుతో కరుచుకుపోయి కూర్చుంది. ఈ కార్ల హబ్ మీద పుల్లర్ కోసమే రెండు త్రెడ్డు (మరచుట్ల) రంధ్రాలుంటాయి. కొలత 5/16 అంగుళం, అంగుళానికి 18 త్రెడ్లు. కిట్ పెట్టె మీద కూడా 5/16 అనే అచ్చేశారు. లోపల పెట్టింది మాత్రం 8 మి.మీ. మెట్రిక్ బోల్టులు! 5/16 అంగుళం అంటే 7.94 మి.మీ., కాబట్టి కంటికి రెండూ ఒకటే. తేడా అంతా త్రెడ్డులో ఉంది. బోల్టుకి చుట్టుకీ చుట్టుకీ మధ్య దూరం 1.25 మి.మీ. అయితే, హబ్‌లో 1.41. రెండు మూడు చుట్లు చేత్తోనే తిరిగి, ఆపైన బిగుసుకుంటుంది. తుప్పేమో అనిపిస్తుంది, ఎవరికైనా. పుల్లర్ లాగుడంతా ఆ రెండు మూడు చుట్ల మీదే పడి, హబ్ వెంట్రుకవాసి కదలకముందే ఒక రంధ్రంలో త్రెడ్డు పొడిపొడిగా రాలిపోయింది. పుల్లర్ అడ్డపట్టీ కూడా విల్లులా వంగింది. అమ్మినవాడి జవాబు: ‘వాడిన సామాను వాపసు తీసుకోం.’ వాడకుండా దాని బండారం ఎలా తెలుస్తుందో మరి!

అసలు నష్టం ఆ తర్వాత జరిగింది. దగ్గర్లోని గ్యారేజీ వాళ్ళు ‘పాత బండ్లన్నీ ఇలాగే ఊడదీస్తాం’ అంటూ షాఫ్టు కొస మీద సుత్తితో బాదారు. హబ్ ఊడింది నిజమే. కానీ 1967 మోడళ్ళ నుంచీ జనరల్ మోటార్స్ కార్లకి, గుద్దుకున్నప్పుడు కుదించుకుపోయే స్టీరింగ్ కాలమ్ (షాఫ్టూ, దాని చుట్టూ ఉండే గొట్టమూ కలిసిన భాగం) ఉంటుంది. డ్రైవరు ఛాతీలోకి దూసుకురాకుండా చేసిన ఏర్పాటు అది. షాఫ్టు రెండు ముక్కలు, ఒకదాంట్లో ఒకటి దూరి ఉంటాయి. వాటిని పట్టి ఉంచేవి చిన్న ప్లాస్టిక్ పిన్నులే. సుత్తి దెబ్బకి ముందు విరిగేవీ అవే. విరిగినా బండి తిరుగుతూనే ఉంటుంది, అదే ప్రమాదం. మా బండిలో వీలు పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపితే షాఫ్టు కదిలేది. కాలమ్ మొత్తం మార్చాక గానీ రోడ్డెక్కించలేదు.

ఈ పని చేయబోయేవాళ్ళు బోల్టుల్ని త్రెడ్డు గేజీతో (చుట్ల మధ్య దూరం కొలిచే పరికరం) చూసుకోండి. అది లేకపోతే అంగుళానికి 18 త్రెడ్లున్న 5/16 నట్టు ఒకటి హార్డ్‌వేర్ షాపులో కొని, కిట్ బోల్టుకి ఎక్కించి చూడండి. చివరిదాకా వేళ్ళతోనే తిరగాలి. ఫోర్డులకీ క్రైస్లర్లకీ ఈ 5/16 లెక్క పెట్టుకోకండి, మీ మోడల్ మాన్యువల్ చూడండి. పెద్ద ఆటో పార్ట్స్ దుకాణాల్లో డిపాజిట్ కడితే మంచి పుల్లరే అరువిస్తారు, పని అయ్యాక డబ్బు తిరిగొస్తుంది. అలాంటప్పుడు చౌక సామాను కొనడమెందుకు?

బ్యాటరీ వైరు తీసేసి, హబ్‌కీ షాఫ్టుకీ కలిపి గుర్తు పెట్టుకోండి. నట్టు పూర్తిగా తీయకుండా నాలుగైదు చుట్లు ఉంచండి. హబ్ ఒక్కసారిగా వదిలితే వీలు మూతికి తగలకుండా అదే ఆపుతుంది. తుప్పు వదిలించే నూనె కొద్దికొద్దిగా వేసి రాత్రంతా నానబెట్టండి. పుల్లర్ బిగించి అలా వదిలేసి, కాసేపాగి ఇంకాస్త బిగించండి. గ్యాసు మంట మాత్రం వద్దు, కిందున్న ఇండికేటర్ స్విచ్ ప్లాస్టిక్‌ది. ఎయిర్‌బ్యాగ్ ఉన్న కారైతే ఇదేదీ వర్తించదు, దాన్ని తెలిసినవాళ్ళకే వదిలేయండి.

పాత కారు కొనబోయేటప్పుడు కూడా హార్న్ మూత ఊడదీసి చూపించమనండి. షాఫ్టు కొస పుట్టగొడుగులా పరుచుకుని ఉన్నా, త్రెడ్లు నలిగి ఉన్నా ఎవరో సుత్తి వాడినట్టే. 1967, 68 మోడళ్ళలో కాలమ్ కింది భాగంలో జాలీ గొట్టం కనిపిస్తుంది. అది నొక్కుకుపోయినా, ఉబ్బినా కొత్త కాలమ్ ఖర్చు ధరలో తగ్గించమని అడగండి. ఒప్పుకోకపోతే ఆ బండి వదిలేయండి.