2.4 గిగాహెర్ట్జ్‌కా, 5 గిగాహెర్ట్జ్‌కా: వైఫై దేనికి కలపాలి?

కొత్త రౌటర్ పెట్టగానే ఫోన్‌లో తరచూ రెండు వైఫై పేర్లు కనిపిస్తాయి. ఒకదాని చివర 5జీ అని ఉంటుంది. అది సిమ్‌లో వచ్చే 5జీ కాదు, 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్ (వైఫై వాడే రేడియో తరంగాల శ్రేణి). రెండో పేరు 2.4ది.

ఖర్చు: తేడా లేదు. డ్యూయల్ బ్యాండ్ రౌటర్‌లో రెండూ కలిసే వస్తాయి.

వేగం: 5 దే పైచేయి.

దూరం: ఇక్కడ 2.4 గెలుస్తుంది. మా హాల్లో రౌటర్ ఉంది. రెండు గోడల అవతల, వెనక గదిలో 5 ఒక్క గీతకి పడిపోతుంది, 2.4 ఎలాగోలా లాక్కొస్తుంది.

రద్దీ: అసలు గొడవంతా ఇదే. 2.4లో ఒకదానిమీద ఒకటి పడని ఛానెళ్లు (బ్యాండ్‌లోని చిన్న చిన్న దారులు) మూడే: 1, 6, 11. అపార్ట్‌మెంట్‌లో పక్కవాళ్లూ పైవాళ్లూ వాటిమీదే ఉంటారు. పైగా మైక్రోవేవ్ ఓవెన్ పనిచేసేదీ ఆ 2.4 గిగాహెర్ట్జ్ చుట్టుపక్కలే. మా ఇంట్లో కూర వేడి పెట్టిన రెండు నిమిషాలూ వీడియో కాల్ ఆగిపోయేది. పాపం, ఎన్నాళ్లో రౌటర్‌నే తిట్టుకున్నాం.

శ్రమ: 5కి ఆటో ఛానెల్ చాలు. 2.4కి కాస్త చేయి పెట్టాలి. రౌటర్ అడుగున స్టిక్కర్ మీద 192.168.1.1 లాంటి అడ్రస్ ఉంటుంది. బ్రౌజర్‌లో అది కొట్టి, ఛానెల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్‌కి తగ్గించి, ఆ మూడింట్లో ఖాళీగా ఉన్నది ఎంచుకోండి.

టీవీ, లాప్‌టాప్ రౌటర్ ఉన్న గదిలోనే ఉంటే 5. మేడమీద గదికి, గేటు దగ్గర కెమెరాకి 2.4. స్మార్ట్ బల్బులు కొన్నారా? చాలావాటికి 2.4 తప్ప వేరేది తెలియదు.