పక్క తడిపే తొమ్మిదేళ్ల బాబుతో వైజాగ్, అరకు: ఎక్కడ దిగాం, ఎంతయింది

డిసెంబర్ ఆఖరి వారంలో హైదరాబాద్ నుంచి వైజాగ్, అరకు వెళ్లొచ్చాం. మేమిద్దరం, అత్తయ్య, పన్నెండేళ్ల పాప, తొమ్మిదేళ్ల బాబు. చూసినవన్నీ అందరూ చూసేవే కాబట్టి వాటి గురించి పెద్దగా రాయట్లేదు. అరకులో మేం దిగిన లాడ్జి మేనేజరు మా బాబుని నలుగురిలో అన్న మాటల గురించి రాయాలనే కూర్చున్నాను, ఇంటికొచ్చి పది రోజులైనా నాకు ఆ కోపం తగ్గలేదు.

మా వాడు రాత్రుళ్లు పక్క తడుపుతాడు. నాలుగో క్లాసు. వారంలో మూడు నాలుగు రాత్రులు. ఇది రాసే ముందు వాడినే అడిగాను, నా పేరు పెట్టకపోతే రాసుకో అమ్మా అన్నాడు. ఇన్నేళ్లూ మేం ఎక్కడా రాత్రి ఉండకపోవడానికి ఇదే కారణం, సొంత తమ్ముడి పెళ్లికి కూడా భోజనాలవ్వగానే అర్ధరాత్రి బయల్దేరి ఇంటికొచ్చేశాం. అత్తయ్య నువ్వులు, బెల్లం దంచి ఉండలు చేసి రెండేళ్లు పెట్టింది, వాడికి ఇష్టం కాబట్టి తిన్నాడు గానీ తగ్గలేదు. ఊళ్లో ఒకావిడ వాత పెడితే పోతుంది అంది, ఆవిడ గుమ్మం మళ్లీ తొక్కలేదు నేను.

అక్టోబర్‌లో పిల్లల డాక్టరు గారికి చూపించాం. యూరిన్ టెస్ట్ చేయించి షుగరూ ఇన్ఫెక్షనూ లేవని చూసుకున్నాక మోషన్ రోజూ అవుతుందా అని అడిగారు, మలబద్ధకం ఉంటే లోపల నిండిపోయి బ్లాడర్ మీద నొక్కుతుందట. మీ ఇద్దరిలో చిన్నప్పుడు ఎవరికైనా ఉండేదా అంటే మా ఆయన గోడ మీద చార్టు చూస్తూ కూర్చున్నాడు, చివరికి అత్తయ్యే చెప్పింది వీడు ఐదో క్లాసు దాకా తడిపాడండీ అని. పెళ్లయి పద్నాలుగేళ్లు, నాకు ఆ సంగతే తెలీదు. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే పిల్లలకి వచ్చే అవకాశం బాగా ఎక్కువ అన్నారు. ఐదేళ్ల పిల్లల్లో నూటికి పదిహేను మంది, పదేళ్లకి కూడా నూటికి ఐదుగురు దాకా తడుపుతారు, బ్లాడర్ నిండినా వాళ్లకి మెలకువ రాదు, అది బద్ధకమూ కాదు పొగరూ కాదు, తిట్టకండి అని కూడా చెప్పారు. తడి తగలగానే మోగే అలారం పెట్టి అలవాటు చేయడం మంచి పద్ధతే గానీ దానికి రెండు మూడు నెలలు పడుతుంది కాబట్టి టూర్ వరకు డెస్మోప్రెసిన్ మాత్ర రాశారు, అది వేస్తే రాత్రి మూత్రం తక్కువ తయారవుతుంది. కానీ ఒక షరతు గట్టిగా చెప్పారు. మాత్రకి గంట ముందు నుంచి, వేశాక ఎనిమిది గంటల దాకా నీళ్లు దాదాపు మానేయాలి, తాగితే ఆ నీళ్లు ఒంట్లోనే ఉండిపోయి సోడియం పడిపోతుంది, ఫిట్స్ దాకా వెళ్లొచ్చు. నీళ్లు తాగేసిన రాత్రి మాత్ర వెయ్యొద్దు, పక్క తడిస్తే తడవనివ్వండి అన్నారు. టూర్‌కి ముందే వారం రోజులు ఇంట్లో వేసి చూశాం, ఏడు రాత్రుల్లో ఐదు రాత్రులు పొడిగా లేచాడు. ఎవరైనా సరే ఇలా ఇంట్లో చూసుకున్నాకే వెళ్లండి, డాక్టర్ని అడగకుండా మాత్రం మందుల షాపులో కొనకండి.

సామాన్లలో ఎలాస్టిక్ ఉన్న వాటర్‌ప్రూఫ్ షీటు ఒకటి 449, హాస్పిటల్లో మంచం మీద పరిచే అండర్ ప్యాడ్లు పది 380, పెద్దవాళ్ల డైపర్లలో చిన్న సైజువి 420. పిల్లల డైపర్లు వీడికి ఇరుకు, 28 కిలోలు ఉన్నాడు. రైల్లో అయితే వేసుకుంటా, రూంలో వేసుకోను అన్నాడు, సరే అన్నాం, ఆ మాట వాడి ఇష్టానికే వదిలేయాలి.

వెళ్లేటప్పుడు రాత్రి రైలు, థర్డ్ ఏసీ. బాబుకి కింద బెర్త్ తీసుకోండి, పైన పడుకోబెడితే కింద వాళ్లతో గొడవ. ట్రాక్ ప్యాంటు లోపల డైపర్, కింద ప్యాడ్, దాని మీద మన ఇంటి దుప్పటి, రైల్వే దుప్పటి వాడలేదు. ఏ ఇబ్బందీ లేకుండా వైజాగ్‌లో దిగాం. అక్కడ ఎంవీపీ కాలనీ వైపు ఒక పెద్దావిడ తన ఇంటి పై అంతస్తు అద్దెకిస్తారు, రోజుకి 1,900, ఐదుగురికీ సరిపోయింది. ఆ రోజు కురుసుర సబ్‌మెరైన్, ఆర్కే బీచ్, కైలాసగిరి, రాత్రి మాత్ర, పొద్దున పొడిగా లేచాడు. తెల్లారకముందే కిరండూల్ రైలుకి పరిగెత్తాం, అద్దాల బోగీ టికెట్లు దొరక్క మామూలు బోగీలోనే వెళ్లాం. సొరంగాలు లెక్కపెట్టి అక్కకి నలభై ఎనిమిది, తమ్ముడికి యాభై ఒకటి వచ్చాయి, అరకు దాకా దాని మీదే పోట్లాట.

అరకులో లాడ్జి సీజన్ కాబట్టి రోజుకి 3,800, అదనపు పరుపు 800, వేడినీళ్లు బకెట్ 30 రూపాయలు. రెండు రాత్రులు తీసుకున్నాం. మొదటి రాత్రి బాగానే గడిచింది. రెండో రోజు సాయంత్రం లాడ్జి ముందు చలిమంట వేశారు, బొంగులో చికెన్ తెప్పించుకున్నాం (450), కారం బాగా పడింది, పిల్లలు మంట దగ్గర ఆడుకుంటూ పాల కాఫీ ఒకటికి రెండు కప్పులు తాగారు, పడుకోబోయే ముందు మా వాడు అర లీటరు నీళ్లు గటగటా తాగేశాడు. తప్పు మాదే, చూసుకోవాల్సింది. అంత నీళ్లు తాగాడు కదా అని మాత్ర వేయలేదు, డాక్టరు గారి మాటే పాటించాం. మంచం మీద వాటర్‌ప్రూఫ్ షీటు వేసి పడుకోబెట్టి ఒంటిగంటకి లేపుదామని అలారం పెట్టుకున్నాను. మంచం కిటికీ పక్కనే ఉండటంతో చలేసి వీడు దిగి అక్క పడుకున్న కింది పరుపు మీదకి వచ్చేశాడు, అక్కేమో పైకెక్కింది. అలారం మోగేసరికి అయిపోయింది.

రాత్రికి రాత్రే బట్టలు మార్చి, దుప్పటి నీళ్లల్లో పెట్టి, టవల్‌తో పరుపు అద్ది అద్ది ఫ్యాన్ కింద నిలబెట్టాను. తెల్లారాక నేనే వెళ్లి చెప్పి ఎంతైనా కడదామనుకున్నాను. ఈలోపే వేడినీళ్లు తెచ్చిన కుర్రాడు చూసి కిందకెళ్లి చెప్పాడు. మేనేజరు వచ్చాడు, నాతో మాట కూడా మాట్లాడకుండా పరుపు లాక్కెళ్లి వరండాలో గోడకి ఆనించాడు. పొగమంచు, ఏడు గంటలు, బకెట్లు పట్టుకుని నీళ్ల కోసం ఆరేడుగురు నిలబడి ఉన్నారు. ఇంత పెద్దోడు పక్కలో పోసుకోవడమేంటి మేడం, ఇంట్లో నేర్పించరా, ఇదేం రోగం అని అందరికీ వినిపించేలా అన్నాడు. ముందు రోజు సాయంత్రం వీడితో క్రికెట్ ఆడిన పిల్లాడు నోట్లో బ్రష్ పెట్టుకుని అక్కడే ఉన్నాడు. వాడు నవ్వలేదు పాపం, బ్రష్ అలాగే పట్టుకుని మా వాడినే చూస్తూ ఉండిపోయాడు. మా వాడు నా చున్నీ కొసని గుప్పెట్లో నలిపి పట్టుకుని గడప లోపలే నిలబడిపోయాడు.

కొత్త పరుపు కొనాలి 4,000 అన్నాడు. బేరం మీద 2,500కి దిగాడు, బిల్లు అడిగితే దీనికి బిల్లు ఉండదు అన్నాడు, ఎవరిదో సొంత నంబరుకి ఫోన్‌లో వేయించుకున్నాడు. పది గంటలకి కారెక్కుతుంటే అదే పరుపు మేడ మీద ఎండలో ఆరేసి ఉంది. డబ్బు తీసుకోవడం తప్పనను, పాడుచేస్తే కట్టాల్సిందే, మేం సిద్ధంగానే ఉన్నాం. అదే మాట నన్ను పక్కకి పిలిచి చెప్పుంటే నాలుగు వేలైనా ఇచ్చి థ్యాంక్స్ చెప్పి వచ్చేదాన్ని.

అరకు నుంచి వైజాగ్‌కి కారు 4,500, దార్లో బొర్రా గుహలు, అనంతగిరి కాఫీ తోటలు. మా వాడు రగ్గు తల మీదకి లాక్కుని వెనక సీట్లో పడుకున్నాడు. బొర్రా దగ్గర దిగనన్నాడు, మా ఆయన వాడితో కార్లోనే ఉండిపోయాడు, అత్తయ్య మెట్లెక్కలేదు, నేనూ పాపా వెళ్లాం. లోపల అంత ఎత్తున రంగుల లైట్లు పడుతుంటే, పై నుంచి వేలాడే రాళ్ల నుంచి చుక్కచుక్కా నీళ్లు కారుతుంటే పాప నా చెయ్యి పట్టుకుని తమ్ముడు చూడాల్సిందమ్మా అని ఒకటే ఏడుపు. బయటికొచ్చి మొక్కజొన్న పొత్తు కాల్పించి వాడికి తీసుకెళ్లింది, ముట్టలేదు. అంతకంటే భయపెట్టింది ఇంకొకటి, పొద్దున్నుంచీ గుక్క నీళ్లు తాగలేదు. బాటిల్ ఇస్తే తాగితేనే కదా అవుతుంది అన్నాడు. పగలు నీళ్లు బాగా తాగించండి, సాయంత్రం నుంచి తగ్గించండి అని డాక్టరు గారు చెప్పిందే మేమంతా మార్చి మార్చి చెప్పాం. వాళ్ల నాన్న తన ఐదో క్లాసు సంగతి మళ్లీ చెప్పాడు. అనంతగిరి దిగాక రెండు గుక్కలు తాగాడు.

అక్కడి నుంచే వైజాగ్ ఆంటీకి ఫోన్ చేసి రూం కావాలి, కానీ ఇలా ఉంది, ఉండనిస్తారా అని ఉన్నదున్నట్టు అడిగాను. దానికేముందమ్మా వచ్చేయండి, మేడ మీద ఎండ బాగా వస్తుంది, ఉతుక్కోడానికి నీళ్లకి లోటు లేదు అన్నారు. మేం వెళ్లేసరికి ఒక పరుపు మీద మడతపెట్టిన పాత ఫ్లెక్సీ వేసి, అది గరగరలాడకుండా పైన రెండు బొంతలు పరిచి ఉంచారు. ఫ్లెక్సీ ఏదో చీరల షాపు ఆషాఢం సేల్‌ది. మా వాడు బొంత కొస ఎత్తి చూసి ఒకటి కొంటే ఒకటి ఫ్రీ అని చదివాడు, ఆ రోజు వాడు తనంతట తాను మాట్లాడిన మొదటి మాట అదే. నాన్నా రాత్రి లేస్తే ఈ లైటు వేసుకో, బాత్రూం తలుపు తీసే ఉంచుతాను అని వాడికే చెప్పారు ఆవిడ, మాకు కాదు. అడక్కుండానే రాత్రి పప్పుచారు, అప్పడాలు, అరటికాయ వేపుడు పెట్టారు, మనిషికి 120. అదనంగా దేనికీ తీసుకోలేదు, ఇవ్వబోయినా వద్దన్నారు.

ఆ రాత్రి మాత్ర వేసినా తడిపాడు. పొద్దున ఆంటీ ఫ్లెక్సీ తీసి మేడ మీద కుళాయి కింద పెట్టి కడిగేశారు, బొంతలు మా ఆయన పిండాడు. ఒక పరుపు అంచుకి కాస్త తడి తగిలితే పొడి టవల్ పెట్టి కాలితో అదిమి అదిమి పీల్పించి, పైన వంటసోడా చల్లి, రెండు గంటలాగి దులిపారు, వాసనే లేదు. ఇది నాకు తెలీదు, ఇప్పుడు ఇంట్లోనూ ఇలాగే చేస్తున్నాను. తిరుగు ప్రయాణం వందే భారత్‌లో వచ్చాం, టికెట్టు ఎక్కువే గానీ ఇలాంటి పిల్లలున్నవాళ్లు పగటి రైలే ఎక్కండి, రాత్రి నిద్ర గొడవ ఉండదు.

సంక్రాంతి అయ్యాక నాగార్జునసాగర్ అనుకుంటున్నాం, ఒక్క రాత్రి. ఈసారి ముందే ఫోన్లు చేశాను, బాబు పక్క తడుపుతాడు, షీటు మేమే తెచ్చుకుంటాం, ఏమైనా పాడైతే కడతాం, కానీ పిల్లాడిని ఏమీ అనకూడదు అని. ఒక చోట ఫోన్ పెట్టేశారు, ఒక చోట వెయ్యి డిపాజిట్ అడిగారు. మూడో చోట ఎత్తినాయన మా మనవడికీ ఉందమ్మా, కింద రూం ఇస్తాను బాత్రూం దగ్గర అన్నారు. అద్దె 1,600. అడ్వాన్స్ 500 పంపేశాను.