ఒహాయో నది ఒడ్డున రెండు నిజమైన ఇళ్లు, ఒక అబద్ధపు నేలమాళిగ

అమెరికాలో ఒహాయో నది వెంట ఒక చిన్న ఊళ్లో మేము దిగిన పాత ఇంటికి రాత్రికి 189 డాలర్లు. పారిపోయి వచ్చిన బానిసలు దాక్కున్న రహస్య గదిని చూడాలంటే మనిషికి మరో 15. నేను, మావారు, విజయవాడ నుంచి వచ్చిన అమ్మ, ముగ్గురం 45 డాలర్లు చెల్లించి కిందికి దిగాం. ఇటుక గోడ, తుప్పు పట్టిన గొలుసు. అక్కడి నుంచి నది దాకా సొరంగం ఉండేదని యజమాని చెబుతుంటే నాకు కన్నీళ్లు ఆగలేదు.

మర్నాడు పొద్దున ఇంటి ముందు గోడ మీద చెక్కిన అంకెలను అమ్మ చదివింది: 1884. అమెరికాలో బానిసత్వం రద్దయింది 1865లో! యజమానిని నిలదీస్తే ‘పెద్దలు అలా చెప్పేవారు’ అన్నాడు. పైసా తిరిగి ఇవ్వలేదు. మావారు మధ్యాహ్నం దాకా ఎవరితోనూ మాట్లాడలేదు. ప్రాణాలకు తెగించిన మనుషుల కథను ఇలా అమ్ముకుంటారా అని నాకు ఇప్పటికీ మండిపోతోంది.

బానిసత్వం నుంచి పారిపోయినవారి చరిత్ర చెప్పే సిన్సినాటిలోని మ్యూజియం బాగుంది. కెంటకీ నుంచి తెచ్చి నిలబెట్టిన, దుంగలతో కట్టిన రెండంతస్తుల బందీఖానా కోసమైనా వెళ్లండి. అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో అమ్మడానికి మనుషులను అందులో బంధించి ఉంచేవారు.

మా కోపం తీరింది మాత్రం ఒహాయో ఒడ్డునే ఉన్న రిప్లీ అనే ఊళ్లోనే. అవతలి ఒడ్డు కెంటకీ, నాటి బానిస రాష్ట్రం. బానిసలు పారిపోవడానికి సాయపడిన రహస్య ఏర్పాటుకు ‘భూగర్భ రైలుమార్గం’ అన్న పేరే కానీ పట్టాలూ లేవు, రైలూ లేదు. పడవలు, రాత్రి నడకలు, నమ్మిన వాళ్ల ఇళ్లు, అంతే. కొండ మీది ఇంట్లో ఉండే జాన్ రాంకిన్ అనే పాస్టరు, నది దాటి వచ్చేవారికి గుర్తుగా దీపం పెట్టేవారట. “మన కార్తీకమాసపు ఆకాశదీపమే కదా!” అంది అమ్మ. వచ్చినవారిని ఆయన కొడుకులు తర్వాతి మజిలీకి చేర్చేవారు. పారిపోయిన బానిసలను పట్టి అప్పగించాలన్న 1850 చట్టం వచ్చాక ఇలాంటి సాయానికి వెయ్యి డాలర్ల జరిమానా, ఆరు నెలల జైలు. కొండ మీది ఆ ఇంటికి కింది నుంచి మెట్లున్నాయి కానీ మోకాళ్ల నొప్పులున్నవారు కారులో పైదాకా వెళ్లడమే మేలు. ఏడాది పొడవునా తెరిచి ఉండదు, ముందుగా ఫోను చేయండి.

నది ఒడ్డునే జాన్ పార్కర్ ఇల్లు. ఎనిమిదేళ్ల వయసులో అమ్ముడుపోయిన ఈయన 1845లో 1,800 డాలర్లు కట్టి తనను తానే విడిపించుకున్నారు. పగలు ఇనుప పోతపని, రాత్రుళ్లు కెంటకీలోకి పడవ ప్రయాణం. ఒక దంపతులు పారిపోకుండా వాళ్ల పసిబిడ్డను యజమాని రోజూ తన మంచం దగ్గరే పడుకోబెట్టుకునేవాడు. పార్కర్ ఆ గదిలోకి పాకుతూ వెళ్లి బిడ్డను ఎత్తుకొచ్చి, ముగ్గురినీ నది దాటించారు.

“ఆ బిడ్డ ఏడవలేదా?” అని అమ్మ కారులో రెండుసార్లు అడిగింది.