నౌరు, మారిషస్: ఎవరి దారి మేలు?

రెండూ ఉష్ణమండల దీవులే, రెండిటికీ స్వాతంత్ర్యం వచ్చింది 1968లోనే, జనవరిలో నౌరుకి, మార్చిలో మారిషస్‌కి. నౌరు 21 చదరపు కిలోమీటర్ల పసిఫిక్ దీవి, కానీ నేలంతా ఎరువులకి పనికొచ్చే ఫాస్ఫేటు, తవ్వి ఓడకెక్కిస్తే డబ్బే. మారిషస్‌కి ఉన్నదల్లా చెరకు, తుఫాన్లు, పెరిగిపోతున్న జనం. జేమ్స్ మీడ్ అనే ఆర్థికవేత్త (తర్వాత నోబెల్ కూడా వచ్చింది) ఆ దేశం బాగుపడటం కష్టమేనని 1960ల మొదట్లోనే రాసేశాడు.

జరిగింది వేరు. నౌరు కొన్నేళ్ళు తలసరి ఆదాయంలో ప్రపంచంలోనే పైవరసలో ఉంది, మెల్‌బోర్న్‌లో 52 అంతస్తుల భవనం కట్టింది, సొంత విమానాలు నడిపింది. ఫాస్ఫేటు అడుగంటేసరికి అప్పులు మిగిలి, 2004లో ఆ భవనం కూడా అమ్ముడైపోయింది. ఇప్పుడు ట్యూనా చేపల వేట లైసెన్సులు, ఆస్ట్రేలియా పంపే శరణార్థుల్ని ఉంచే కేంద్రానికి ఆ దేశం ఇచ్చే డబ్బే పెద్ద ఆధారం. తప్పంతా వాళ్ళదే అంటే మాత్రం నేనొప్పుకోను, స్వాతంత్ర్యానికి ముందు అరవై ఏళ్ళు తవ్వుకుపోయింది బయటివాళ్ళే కదా. దానిమీదే ఆస్ట్రేలియాని అంతర్జాతీయ న్యాయస్థానానికి లాగి, 1993లో పరిహారం రాబట్టారు.

చెరకు నరికినా మోడు నుంచి కార్శి (పిలక పంట) మళ్ళీ లేస్తుంది, ఫాస్ఫేటు లేవదు, అసలు తేడా అక్కడుంది. పైగా పంచదారకి యూరప్ ఇచ్చిన మంచి ధరతో వచ్చిన డబ్బు చేతిలో ఉండగానే మారిషస్ బట్టల ఫ్యాక్టరీలు, హోటళ్ళు, బ్యాంకింగ్ వైపు అడుగేసింది, చెరకు పిప్పితో కరెంటు తీసింది, అందుకే 2009లో ఆ ధర పోయినా కూలబడలేదు.

రెండుచోట్లా రాళ్ళు చూడండి. మారిషస్ తోటల మధ్య నల్లరాళ్ళ గుట్టలుంటాయి, సాగుకోసం కూలీలు చేత్తో ఏరి పేర్చినవి, ఆ కూలీల్లో కోరంగి రేవు నుంచి ఓడెక్కిన మనవాళ్ళూ ఉన్నారు. నౌరులోనూ రాళ్ళున్నాయి, ఫాస్ఫేటు గీకేశాక బయటపడ్డ సున్నపురాయి మొనలు, మనిషికన్నా ఎత్తు, వాటి మధ్య నాగలి దిగదు, ఇల్లు నిలవదు. దీవిలో ఎక్కువ భాగం అదే, జనం సముద్రపొడ్డున సన్నటి పట్టీలో సర్దుకుంటున్నారు.

నా ఓటు మారిషస్‌కే. అలాగని బెంగ లేదని కాదు, చెరకు భూమి తగ్గుతోంది, టూరిజం నమ్ముకున్న సముద్రానికి ఏ ముప్పొచ్చినా దేశం మొత్తానికి దెబ్బే. 2020లో వకాషియో ఓడ పగడపు దిబ్బకెక్కి చమురు కారినప్పుడు ఊళ్ళవాళ్ళు ఒడ్డున కూర్చుని, గుడ్డ సంచుల్లో ఎండు చెరకాకు కుక్కి కుట్టి, నీళ్ళలో అడ్డంగా తేల్చి ఆ చమురుని ఆపడానికి చూశారు.