రీగాలో నకలు, ఇంగోల్‌స్టాట్‌లో అసలు: ఒక రేసు కారు కోసం మా తిరుగుడు

లాత్వియా రాజధాని రీగాలో, పాత ఊళ్ళో మేము దిగిన అపార్ట్‌మెంట్ సంగతి ముందు చెప్పకపోతే నా కడుపుమంట చల్లారదు. ఫొటోల్లో పెద్ద కిటికీ, అందులోంచి చర్చి గోపురం, రెండు బెడ్‌రూములు, లిఫ్ట్ ఉన్నట్టు టిక్కు. మూడు రాత్రులకు 267 యూరోలు ముందే లాగేసుకున్నారు. తీరా వెళ్తే ఐదో అంతస్తు. లిఫ్ట్ లేదని అనలేను, ఉంది, పక్క బిల్డింగులో. రెండో బెడ్‌రూమంటే వంటింటి మూల కర్టెన్ కట్టిన ఒంటరి మంచం. కిటికీ తీస్తే ఎదురుగా గోడ. తల బయటపెట్టి మెడ ఎడమకు తిప్పితే గోపురం కొన ఓ జానెడు కనిపించింది.

మావయ్యగారికి మోకాళ్ళ నొప్పులు. విజయవాడ నుంచి మా దగ్గరికి మ్యూనిక్ వచ్చి ఇంకా వారం తిరగలేదు. అలిపిరి మెట్లెక్కినట్టు "గోవిందా గోవిందా" అనుకుంటూ ఎక్కారు పాపం. మా ఆవిడ ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోతేనే నాకు టెన్షన్. ఓనరుకు ఫోన్ చేస్తే, మెట్లెక్కడం ఆరోగ్యానికి మంచిదేగా అని నవ్వాడు. మే నెల కాబట్టి బిల్డింగులో హీటింగ్ ఆపేశారట, రాత్రి ఏడు డిగ్రీలు. అదనపు దుప్పటికి మనిషికి 10 యూరోలు. వచ్చేసిన రెండు రోజులకు "క్లీనింగ్" పేరుతో ఇంకో 45 కార్డులోంచి కోశారు. ముసలివాళ్ళతో రీగా వెళ్ళేవాళ్ళు పాత ఊరి మోజు మానుకుని, రైల్వే స్టేషన్ పరిసరాల్లో రిసెప్షన్ ఉన్న మామూలు హోటల్ తీసుకోండి. రివ్యూలు చదివేటప్పుడు "మెట్లు" అన్న మాట వెతకండి.

టాక్సీది ఇంకో కథ. ఎయిర్‌పోర్టు బయట నిలబడ్డ టాక్సీ ఎక్కితే 42 యూరోలు తీసుకున్నాడు. అదే దూరానికి వచ్చేటప్పుడు యాప్‌లో 14 అయింది. లగేజీ తక్కువుంటే అదీ అక్కర్లేదు, 22 నంబరు బస్సు నేరుగా ఊళ్ళోకి వస్తుంది.

ఇంతకీ రీగా ఎందుకంటే, మా బావమరిది అక్కడ ఎమ్మెస్ చదువుతున్నాడు. వాడిలాంటి తెలుగు పిల్లలు ఆ ఊళ్ళో చాలామందే ఉన్నారు. మావయ్యగారికి కొడుకును చూడాలని, మా ఆవిడకు యూర్మలా బీచ్ చూడాలని. నాకు మాత్రం రీగా మోటార్ మ్యూజియంలో ఉన్న ఆటో యూనియన్ అనే పాత జర్మన్ కంపెనీ వెండిరంగు రేసు కారు చూడాలని. అది నకలని నాకు తెలుసు. అసలు బండి మా మ్యూనిక్‌కు గంట దూరంలో ఇంగోల్‌స్టాట్‌లో ఆడీ వాళ్ళ దగ్గరుందనీ తెలుసు. "పక్కూళ్ళో అసలుంటే విమానమెక్కి డూప్లికేట్ చూడటమేంటి?" అని మా ఆవిడ నలుగురి ముందూ అడిగింది. దానికి జవాబే ఇదంతా.

ఆడీ కార్ల ముందు కనిపించే నాలుగు రింగులు ఆడీ, డీకేడబ్ల్యూ, హార్ష్, వాండరర్ అనే నాలుగు కంపెనీలవి. 1932లో అవి కలిసి ఆటో యూనియన్ అయ్యాయి. తూర్పు జర్మనీ వైపు త్స్వికావ్ ఊళ్ళో వాళ్ళ రేసింగ్ విభాగం. 1934 నుంచి 1939 దాకా గ్రాండ్ ప్రీ రేసుల్లో మెర్సిడెస్‌తో కొట్లాట, రెంటి వెనకా నాజీ ప్రభుత్వం డబ్బు. ఫెర్డినాండ్ పోర్షె గీసిన డిజైన్‌లో ఇంజను డ్రైవరు వెనకాల ఉంటుంది, అప్పటి జనానికి అదో వింత. టైప్ సి అనే మోడల్‌కు 16 సిలిండర్లు, 6 లీటర్ల ఇంజను, 520 హార్స్‌పవర్. టైర్లేమో ఇవాళ్టి లెక్కలో బక్కవి. 1936లో దాంతో యూరప్ చాంపియన్ అయిన బెర్న్‌ట్ రోజ్‌మేయర్, 1938 జనవరి 28న హైవే మీద వేగం రికార్డుకు ప్రయత్నిస్తూ చనిపోయాడు. ఈ జట్టు చివరి గెలుపు బెల్‌గ్రేడ్‌లో, 1939 సెప్టెంబర్ 3న, నువోలారి అనే డ్రైవరు చేతుల మీదుగా. జర్మనీ మీద బ్రిటన్, ఫ్రాన్స్ యుద్ధం ప్రకటించిందీ ఆ రోజే.

యుద్ధం జరిగినంత కాలం కార్లను త్స్వికావ్ దగ్గర ఒక గనిలో దాచారు. 1945లో సోవియట్ వాళ్ళు ఆ ప్రాంతంలోకి వచ్చి, నష్టపరిహారం కింద పదికి పైగా రేసు కార్లను రైలెక్కించి తీసుకుపోయారు. కార్ల ఫ్యాక్టరీలకూ పరిశోధన సంస్థలకూ తలా ఒకటి పంచారు, విప్పి చూసి నేర్చుకోండని. విప్పారు. చూశారు. తర్వాత వాటితో ఏం చేయాలో ఎవరికీ తోచలేదు. అవి మామూలు పెట్రోలుతో నడిచేవి కావు, ఆల్కహాల్ కలిపిన ప్రత్యేక ఇంధనం కావాలి. స్పేర్ పార్టులు లేవు, నడపడం తెలిసిన మెకానిక్కులు ఇంకో దేశంలో ఉండిపోయారు. ఒక్కొక్కటే తుక్కు కిందకు పోయాయి.

ఈ ముక్క బస్సులో చెప్తుంటే మావయ్యగారు ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. ఆటోనగర్‌లో ముప్పై ఏళ్ళు లేత్ వర్క్స్ నడిపిన మనిషి. "లారీ పాతబడితే ఇసుక తోలుకుంటాడు, ఇటుకలు తోలుకుంటాడు. దీనికి రేసు తప్ప ఇంకో పనేముంది బాబూ? పనిలేని బండిని ఎవడుంచుకుంటాడు, కాటాకేసేస్తాడు" అన్నారు. ఈ విషయం మీద నేను చదివినవాటిలో ఇంత సూటిగా చెప్పినవాళ్ళు లేరు. ఓడిపోయిన దేశంలోనే కాదు, గెలిచిన జట్లలోనూ అంతే. పోయినేడాది రేసు కారుకు ఈ ఏడాది విలువ ఉండదు. ఇంజను ఇంకో దాంట్లోకి పోతుంది, చాసిస్, అంటే బండి చట్రం, షెడ్డు వెనక్కి పోతుంది. పురాతన వస్తువు అయ్యేలోపు మధ్యలో ఓ పాతికేళ్ళు అది వట్టి పాత ఇనుమే. ఆ పాతికేళ్ళు ఎవరో ఒకరి బద్ధకం వల్ల గడిచిపోతే బతుకుతుంది.

మేము చూడ్డానికి వెళ్ళిన కారు అలాగే బతికింది. కొండదారి పోటీల కోసం, టైప్ సి తర్వాతి మోడలైన టైప్ డి చాసిస్‌లో టైప్ సి పదహారు సిలిండర్ల ఇంజను పెట్టి కట్టిన బండి ఇది, వెనక చక్రాలకు జంట టైర్లు. మాస్కోలో జిల్ లారీల ఫ్యాక్టరీకి చేరి అక్కడే ఏళ్ళ తరబడి పడుంది. 1976లో దాన్ని తుక్కు చేయబోతున్నారని తెలిసి, లాత్వియా పాత కార్ల క్లబ్బు నడిపించిన విక్టోర్స్ కుల్‌బెర్గ్స్ అనే ఆయన మాస్కో వెళ్ళి దాన్ని రీగాకు తెచ్చుకున్నారు. సోవియట్ రోజుల్లో ఒక ఫ్యాక్టరీ నుంచి జర్మన్ రేసు కారు బయటికి తేవడమంటే ఎన్ని సంతకాలై ఉంటాయో, మన ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. అప్పటికి మ్యూజియం కూడా లేదు, అది తెరిచింది 1989లో.

మ్యూజియం ఊరికి దూరంగా, బికెర్నియెకి అడవి పక్కన ఉంటుంది. దగ్గర్లోనే రేసు ట్రాకూ ఉంది. అదే అడవిలో యుద్ధకాలంలో వేలమందిని, ఎక్కువగా యూదులను, కాల్చి పూడ్చిపెట్టారు, స్మారకం ఉంది. వెళ్ళేవాళ్ళు తెలుసుకుని వెళ్ళండి. మ్యూజియంలో నలుగురికీ కలిపి టికెట్లకైన ఖర్చు మా ఎయిర్‌పోర్టు టాక్సీ కంటే తక్కువ. లోపల ఎవరూ తొందరపెట్టలేదు, కూర్చోడానికి చోట్లున్నాయి, లిఫ్ట్ ఆ బిల్డింగులోనే ఉంది. జనం ఎక్కువగా గుమిగూడేది సోవియట్ నేత బ్రెజ్నెవ్ రోల్స్ రాయిస్ దగ్గర. ఆయనే నడిపి గుద్దేసిన కారు, నుజ్జయిన ముందుభాగం అలాగే ఉంచి, లోపల ఆయన మైనపు బొమ్మను కూర్చోబెట్టారు. స్టాలిన్ కాలపు బుల్లెట్‌ప్రూఫ్ లిమోజిన్ అద్దాల మందం చూసి మా బావమరిది సెల్ఫీలు మొదలెట్టాడు.

ఆటో యూనియన్ కారు ముందు మాత్రం మావయ్యగారు చాలాసేపు నిలబడ్డారు. నకలని వాళ్ళేమీ దాచరు. సోవియట్ యూనియన్ పోయాక, 1990ల్లో ఆడీతో ఒప్పందం కుదిరి అసలు జర్మనీకి వెళ్ళింది, బదులుగా ఈ నకలు వచ్చింది. మావయ్యగారు వంగి చక్రాల వైరు పుల్లలు, జంట టైర్లు, వెనక వరసగా ఉన్న పొగ గొట్టాలు చూసి, "చేసినవాడు మామూలోడు కాదు. దీన్ని నకలంటే వాడికి కోపం రాదా?" అన్నారు. ఫొటోల్లో లిఫ్ట్ చూపించి డబ్బు గుంజిన ఇంటికి సాయంత్రం మళ్ళీ వెళ్ళాలన్న దిగులు ఓ పక్క ఉన్నా, ఇక్కడ మాత్రం మోసపోయామని మా నలుగురిలో ఒక్కరికీ అనిపించలేదు. మా ఆవిడ కూడా కాసేపు ప్రశ్నలడిగింది.

యూర్మలా, బీచ్, రైలు, ఐస్‌క్రీమ్, అన్నీ సజావుగా అయ్యాయి.

తిండి సంగతికొస్తే, సెంట్రల్ మార్కెట్‌కు తప్పక వెళ్ళండి. మొదటి ప్రపంచ యుద్ధం నాటి జెప్పెలిన్లనే గాలి ఓడల షెడ్లను మార్కెట్టుగా మార్చి 1930లో తెరిచారట. చేపల హాలులో మా ఆవిడ ముక్కు మూసుకుంది. బ్రెడ్డు దుకాణంలో నల్ల రై రొట్టె మీద బూడిదరంగు వెన్న పూసిస్తే మావయ్యగారు మూడు ముక్కలు తిన్నారు. ఉప్పగా, వేయించిన గింజల వాసనతో బ్రహ్మాండంగా ఉంది. అది గంజాయి గింజల వెన్న అని మా బావమరిది అప్పుడు చెప్పాడు. ఆయన గుటక వేసి, కొడుకు వైపు అనుమానంగా చూసి, "చదువుతున్నావా అసలు?" అన్నారు. మత్తేమీ ఉండదు, వాళ్ళ సంప్రదాయ వంట. చిన్న డబ్బా 4 యూరోల 20 సెంట్లు, రెండు తెచ్చుకున్నాం. బూడిదరంగు బఠాణీలు తెప్పించుకుంటే పంది మాంసం ముక్కలతో వస్తాయి, తిననివాళ్ళు ముందే అడగండి. ఆ రాత్రి వాడి హాస్టల్లో స్నేహితులు వండిన పప్పుచారు, గోంగూర పచ్చడే ఈ ట్రిప్పులో నిజమైన భోజనం. ఖర్చు సున్నా, గిన్నెలు నేనూ మా ఆవిడా కడిగాం.

తిరిగొచ్చాక ఓ శనివారం ఇంగోల్‌స్టాట్. బయర్న్ టికెట్ అనే రోజు టికెట్ తీసుకుంటే లోకల్ రైళ్ళలో కుటుంబమంతా ఒక్క టికెట్ మీద వెళ్ళిరావచ్చు. ఆడీ మ్యూజియం అద్దాల మేడ. కార్లను పైకీ కిందికీ ఆగకుండా తిప్పే లిఫ్టొకటి ఉంది, పద్నాలుగు కార్లు ఎక్కి తిరుగుతుంటాయి. పిల్లలు కదలరు అక్కణ్ణుంచి. అసలు బండి తళతళలాడుతోంది. అంతగా తళతళలాడటమే నాకు నచ్చలేదు. మాస్కో షెడ్డులో గడిపిన ఏళ్ళ తాలూకు గీత ఒక్కటీ దాని మీద లేదు. రీగా దాన్నీ దీన్నీ పక్కపక్కన పెడితే నేను తేడా చెప్పలేను. మావయ్యగారు కూడా చుట్టూ ఓసారి తిరిగి, "ఇందులో పాత బోల్టులెన్ని మిగిలాయో వాళ్ళనే అడగాలి" అని కాఫీకి వెళ్ళిపోయారు. కాఫీ 3 యూరోల 90 సెంట్లు, ఆయన దృష్టిలో ఈ ఊళ్ళో అసలైన దోపిడీ అదే.

అక్కడ నాకు ఎక్కువ నచ్చింది టైప్ డి కార్ల కథ. అమెరికాలో స్థిరపడ్డ పాల్ కరాసిక్ అనే కలెక్టరు, ఇలాంటి బండ్ల ముక్కలు ఇంకా సోవియట్ దేశంలో ఉన్నాయన్న పుకారు విని, పదేళ్ళకు పైగా వెంటపడ్డాడు. అక్కడి భాష రావడమే ఆయన పెట్టుబడి. రష్యాలోనూ యుక్రెయిన్‌లోనూ చాసిస్‌లు, ఇంజన్లు, గేర్‌బాక్సులు వెతికి పట్టుకుని, ముక్కలుగా దాటించి ఫ్లోరిడా చేర్చాడు. ఇంగ్లండ్‌లో క్రాస్‌వెయిట్ అండ్ గార్డినర్ వర్క్‌షాపులో అవి రెండు కార్లుగా లేచాయి. రేకు బాడీలు కొత్తగా కొట్టాల్సి వచ్చింది. చివరిది ఆడీ చేతికి తిరిగొచ్చేసరికి 2012. తన సొంత ఊరి నుంచి పోయిన సరుకును కంపెనీ డబ్బిచ్చి కొనుక్కోవాల్సి వచ్చిందన్నమాట. ఇది విన్నాక మావయ్యగారు కాఫీ ధర మర్చిపోయి, "ఎంతకిచ్చాడట?" అని రైలెక్కేదాకా అడుగుతూనే ఉన్నారు.

ఒక్క రోజే ఉంటే ఇంగోల్‌స్టాట్ చాలు, కానీ ఈ రేసు కార్లను తరచూ ప్రదర్శనలకు బయటికి పంపుతుంటారు. మీకు కావాల్సిన బండి ఆ రోజు అక్కడుందో లేదో ఫోన్ చేసి అడిగి బయల్దేరండి. వారాంతం కలిసొస్తే మాత్రం నా ఓటు రీగాకే. మా ఆవిడ ఓటు యూర్మలాకు. మావయ్యగారు ఎటూ తేల్చకుండా, ఆ పదహారు సిలిండర్ల క్రాంక్‌షాఫ్ట్ ఏ లేత్ మీద తిప్పారో కనుక్కోమని నాకు పని పురమాయించి విజయవాడ వెళ్ళారు.